రెండో సెమిస్టరు లెక్కలు: ఒంటరిగా మోసే బరువు కాదు

ఇంజనీరింగు మొదటి సంవత్సరం రెండో సెమిస్టరు ఫలితాలు వచ్చాయంటే వారం రోజుల పాటు మన పల్లెల్లో, రచ్చబండ దగ్గరా బస్సు స్టాపులోనూ ఒకే మాట వినిపిస్తుంది. "పదో తరగతి లెక్కల్లో మావాడికి నూటికి తొంభై అయిదు వచ్చాయండీ. ఇంటర్‌లోనూ ఢోకా లేదు. ఇప్పుడు అవే లెక్కల్లో తప్పాడు. పట్నం వెళ్లి చెడిపోయాడేమో!"

ఒకరిద్దరు చెడిపోయి ఉంటే ఉండవచ్చు. కాని తప్పిన వారంతా చెడిపోయిన వారు కారు. మొద్దులు అంతకన్నా కారు. ఆ పేపరులో పిల్లలు తడబడటానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆ లెక్క స్వభావమే వేరు. రెండోది, మన పిల్లలు దానితో ఒంటరిగా కుస్తీ పడుతున్నారు. మొదటి కారణాన్ని మనం మార్చలేం. రెండోదాన్ని మార్చడం మాత్రం మన చేతుల్లో పనే. ఈ వ్యాసం అందుకోసమే.

అసలు ఏమిటా లెక్క?

దాన్ని కలన గణితం అంటారు. పిల్లలు కాలిక్యులస్ అంటారు. అందులో రెండు భాగాలు. ఒక వస్తువు ఎంత వేగంగా మారుతోందో చెప్పేది అవకలనం. చిన్న చిన్న ముక్కలను కూడి మొత్తం ఎంతో చెప్పేది సమాకలనం, అంటే ఇంటిగ్రేషన్. అమెరికా యూనివర్శిటీల్లో మొదటి సెమిస్టరులో ఎక్కువగా అవకలనం, రెండో సెమిస్టరులో సమాకలన పద్ధతులు, అంతులేని శ్రేణులు చెబుతారు. మన దగ్గర ఏ పాఠం ఏ సెమిస్టరులో వస్తుందన్నది యూనివర్శిటీని బట్టి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అయినా మొదటి ఏడాది దాటేలోగా ఇవన్నీ ఇంజనీరింగు పిల్లల నెత్తిన పడక తప్పదు.

ఇది మనకు తెలియని వింత విద్యేమీ కాదు. బావిలో నీరు తోడే సంగతే చూడండి. నేల మట్టానికి 4 మీటర్ల కింద నీరు మొదలై, 10 మీటర్ల లోతు వరకు ఉందనుకుందాం. పై పొర నీటిని 4 మీటర్లు ఎత్తితే చాలు. అడుగు పొరను 10 మీటర్లు ఎత్తాలి. బావి పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉంటే సగటున 7 మీటర్లు ఎత్తినట్టు అని మన రైతు నోటి లెక్కతోనే చెప్పేస్తాడు. కాని ఆ బావి గరాటు మాదిరిగా కిందికి పోను పోను సన్నబడి మొనదేలితే? నీరు ఎక్కువగా పైనే ఉంటుంది కనుక 7 మీటర్ల సగటు పనికిరాదు. ప్రతి పొరకూ ఎంత నీరు, ఎంత ఎత్తు అని విడివిడిగా లెక్కించి, అన్నిటినీ కూడాలి. అలా కూడితే సగటు అయిదున్నర మీటర్లే అని తేలుతుంది. ఆ కూడటమే సమాకలనం. మోటారు ఎంత పని చేయాలో, కరెంటు ఎంత ఖర్చవుతుందో అక్కడి నుంచే తెలుస్తుంది.

చెరువు కట్ట అడుగున వెడల్పుగా ఎందుకు వేస్తారు? లోతు పెరిగిన కొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల లోతున చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల ఒత్తిడి ఉంటుంది. కట్ట మొత్తం మీద ఎంత బరువు పడుతుందో తెలియాలంటే అక్కడా పొర పొరగా కూడవలసిందే. పెద్ద ఆనకట్టకైనా, మన ఊరి చెరువుకైనా సూత్రం ఒకటే.

పెరుగును పాలు చేయమన్నట్టు

మరి ఇంత తెలిసిన విషయమే అయితే పిల్లలు ఎందుకు తప్పుతున్నారు?

అవకలనానికి నియమాలున్నాయి. ఎంత పెద్ద లెక్క ఇచ్చినా నియమం ప్రకారం ఒక్కొక్క మెట్టే దిగుతూ పోతే జవాబు వస్తుంది. పాలు కాచి తోడు పెడితే పెరుగు అవుతుంది, అంతే. సమాకలనం దీనికి తిరగబడిన పని. పెరుగు చేతికిచ్చి ఇది ఏ పాల నుంచి వచ్చిందో చెప్పమంటారు. దానికి ఒకే నియమం లేదు. ఒక లెక్కలో పాత గుర్తు తీసేసి కొత్త గుర్తు పెట్టి చూడాలి. ఇంకో లెక్కను రెండు భాగాలు చేసి చూడాలి. మరో దాంట్లో పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాలుగా విడగొట్టాలి. ఏది ఎక్కడ పనికొస్తుందో లెక్క చూడగానే స్ఫురించాలి. ఆ స్ఫురణ పుస్తకం చదివితే రాదు. తప్పులు చేస్తూ, కొట్టివేస్తూ, మళ్లీ మొదలుపెడుతూ వందల లెక్కలు చేస్తేనే వస్తుంది. పైగా చూడటానికి చిన్నగా కనిపించే కొన్ని లెక్కలకు మనకు తెలిసిన సూత్రాలతో జవాబు రాయడమే సాధ్యం కాదు. ఈ సంగతిని 1830ల్లోనే ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రజ్ఞుడు లియూవిల్ నిరూపించాడు.

ఇక అంతులేని శ్రేణుల సంగతి. ఒక రొట్టెలో సగం తిని, మిగిలిన దాంట్లో సగం తిని, అలా తింటూ పోతే ఎన్నాళ్లు తిన్నా ఒక్క రొట్టె దాటదు. పదిసార్లు తినేసరికి మిగిలేది రొట్టెలో 1024వ వంతు. ఇది అందరికీ అర్థమవుతుంది. కాని ఇంకొక బేరం చూడండి. మొదటి రోజు ఒక రూపాయి, రెండో రోజు అర్ధ రూపాయి, మూడో రోజు రూపాయిలో మూడో వంతు, నాలుగో రోజు నాలుగో వంతు ఇస్తానని ఒకాయన మాటిచ్చాడు. నూరు రోజులకు వచ్చేది 5 రూపాయల 19 పైసలు. వెయ్యి రోజులకు ఏడున్నర రూపాయలకు కాస్త తక్కువ. 10 రూపాయలు దాటడానికి 12,367 రోజులు, అంటే దాదాపు 34 ఏళ్లు పడుతుంది. ఇంత నత్తనడకన సాగే మొత్తం ఎక్కడో ఒకచోట ఆగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కాని ఆగదు. ఓపిక పడితే లక్ష దాటుతుంది, కోటి దాటుతుంది. దీన్ని 14వ శతాబ్దంలోనే నికోల్ ఒరేమ్ అనే ఫ్రెంచి పండితుడు నిరూపించాడు. రెండు బేరాల్లోనూ ఇచ్చేది రోజురోజుకూ తగ్గుతున్నదే. కాని ఒకటి ఆగుతుంది, ఇంకొకటి ఆగదు. కంటికి కనిపించింది నమ్మకుండా పరీక్షించి తేల్చుకోవడమే ఈ పాఠం నేర్పేది. అప్పటి వరకు సూత్రంలో అంకెలు వేసి జవాబు రాబట్టిన పిల్లవాడికి ఇది కొత్త లోకం.

ఆప్షన్లు లేని పరీక్ష

ఇంటర్ రెండో ఏడులోనే సమాకలనం చదివారు గదా అని తల్లిదండ్రులు అడగవచ్చు. చదివారు. కాని ఎలా చదివారు? జనం ఇప్పటికీ ఎంసెట్ అని పిలుచుకునే ప్రవేశ పరీక్షలో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటారు. నిమిషానికి ఒక లెక్క చొప్పున చేయాలి. అక్కడ సమాకలనం చేయనవసరం లేదు. ఇచ్చిన నాలుగు జవాబులనూ ఒక్కొక్కటిగా అవకలనం చేసి, ఏది ప్రశ్నతో సరిపోతుందో చూసి గుర్తు పెడితే మార్కు వచ్చేస్తుంది. పెరుగు నుంచి పాలు తీసే కష్టం లేకుండా, నాలుగు గిన్నెల పాలూ తోడు పెట్టి చూసుకున్నట్టన్న మాట. ఈ కిటుకును కోచింగులో నేర్పుతారు. ప్రవేశ పరీక్షకు అది పనికొస్తుంది. అందులో పిల్లల తప్పు లేదు, చెప్పిన మాస్టర్ల మోసమూ లేదు. ఆ పరీక్ష అడిగింది అదే.

రెండో సెమిస్టరు పేపరులో నాలుగు జవాబులుండవు. తెల్ల కాగితమే ఉంటుంది. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా రాసి చూపాలి. రెండేళ్ల పాటు ఒక ఆట నేర్చుకుని, మైదానంలోకి దిగాక ఇంకో ఆట ఆడమన్నట్టు ఉంటుంది పిల్లవాడి పరిస్థితి.

దీనికి తోడు భాష. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు సమాకలనం, అవధి, శ్రేణి అనే మాటలతో లెక్క నేర్చుకున్నారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అచ్చు వేసిన పుస్తకాల పుణ్యమా అని తరాల తరబడి మన పల్లెల పిల్లలకు ఆ మాటలు అలవడ్డాయి. ఇంజనీరింగు కాలేజీలో అడుగుపెట్టగానే అన్నీ ఇంగ్లీషు. తెలిసిన లెక్కే తెలియనట్టు కనిపిస్తుంది. నోరు తెరిచి అడగడానికి బిడియం.

కలన గణితం దొరల భాషలోనే పుట్టిందనుకునే వారికి ఒక్కమాట. ఇంగ్లండులో న్యూటన్, జర్మనీలో లైబ్నిజ్ 17వ శతాబ్దంలో ఈ శాస్త్రానికి రూపం ఇచ్చారన్నది నిజం. కాని అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే కేరళలో సంగమగ్రామ మాధవుడు వృత్తం కొలతకు అంతులేని శ్రేణులు కనిపెట్టాడు. ఒకటిలో మూడో వంతు తీసేసి, అయిదో వంతు కలిపి, ఏడో వంతు తీసేసి, అలా పోతే పై విలువలో నాలుగో వంతు వస్తుందని ఆయన సంప్రదాయం వారు చెప్పారు. దాన్ని 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు కారణాలతో సహా 'యుక్తిభాష' అనే గ్రంథంలో వివరించాడు. అది రాసింది సంస్కృతంలో కాదు, మలయాళంలో. మన తెలుగులో పావులూరి మల్లన సుమారు 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కకు ఇంటి భాష అడ్డు కాదని పెద్దలు ఏనాడో రుజువు చేశారు.

బర్కిలీలో తేలిన నిజం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్శిటీ బర్కిలీ కేంద్రంలో 1970ల నడుమ యూరి ట్రైస్‌మన్ అనే యువకుడు ఒక ప్రశ్న వేసుకున్నాడు. కలన గణితంలో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారు, చైనా సంతతి వారు రాణిస్తున్నారు, కారణమేమిటి? అక్కడి అధ్యాపకులను అడిగితే మన ఊళ్లో చెప్పే కారణాలే చెప్పారు. శ్రద్ధ లేదు, పునాది లేదు, ఇంట్లో చదివించే వారు లేరు, డబ్బు లేదు అన్నారు. ఆయన ఊహలతో సరిపెట్టుకోలేదు. ఇరవై మంది నల్లజాతి వారిని, ఇరవై మంది చైనా సంతతి వారిని ఎంచుకుని, వారు ఎలా చదువుతున్నారో పక్కనే ఉండి నెలల తరబడి గమనించాడు.

ఊహలన్నీ తప్పని తేలింది. ఆ నల్లజాతి పిల్లలు స్కూళ్లలో బాగా చదివి వచ్చిన వారే. తల్లిదండ్రులు వారి చదువు మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నవారే. గంట పాఠానికి రెండు గంటలు చదవాలని మాస్టారు చెబితే, వారానికి 4 గంటల పాఠానికి 8 గంటలు లెక్క తప్పకుండా చదివేవారు. కాని గది తలుపులు వేసుకుని ఒంటరిగా చదివేవారు. లెక్క రాకపోతే లోపం తమలోనే ఉందనుకునేవారు. చైనా సంతతి పిల్లలు కూడా ముందు ఎవరి లెక్కలు వారే చేసుకునేవారు. ఆ తర్వాత నలుగురూ ఒకచోట చేరి జవాబులు పోల్చుకునేవారు. తేడా వస్తే వాదించుకునేవారు. అందరికీ రాని లెక్క ఉంటే అది నిజంగా కష్టమైన లెక్క అని, తమ బుర్ర లోపం కాదని వారికి తెలిసేది.

ఆ తర్వాత ట్రైస్‌మన్ నల్లజాతి పిల్లలను చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టాడు. 'వెనకబడిన వారి తరగతి' అని పేరు పెట్టలేదు. తేలిక లెక్కలు ఇవ్వలేదు. మామూలు తరగతిలో కంటే గట్టి లెక్కలే ఇచ్చి కలిసి సాధించమన్నాడు. అందులో చేరిన వారిలో తప్పేవారు బాగా తగ్గిపోయారు. ఆ పద్ధతి తర్వాత అమెరికాలో ఎన్నో కాలేజీలకు పాకింది.

ఊరు తలచుకుంటే

ఈ మాట విని మనం ఆశ్చర్యపోవాలా? ఇవాళ నీ చేలో నాటుకు నేనొస్తా, రేపు నా చేలోకి నువ్వు రా అని బదులుకు వెళ్లే అలవాటు మన పల్లెలది. ఒక్కడే దిగితే పది రోజులు పట్టే పని పదిమంది దిగితే ఒక్క రోజులో అవుతుంది. పొలానికి ఉన్న ఆ పద్ధతి పిల్లల చదువుకు లేకుండా పోయింది. ఒకే వీధిలో ముగ్గురు పిల్లలు మూడు కాలేజీల్లో అదే లెక్క తప్పి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా దాచుకుంటున్నారు. మూడిళ్లలోనూ తలుపులు వేసుకుని ముగ్గురూ దిగులు పడుతున్నారు. తప్పిన పేపర్లు పోగుపడి, పై తరగతికి పోవడానికి చాలినన్ని క్రెడిట్లు రాకపోతే ఏడాది పోతుంది. ఆ తర్వాత చదువే ఆగుతుంది. అప్పు చేసి కట్టిన ఫీజు నీళ్ల పాలవుతుంది.

పెద్దలు చేయవలసిన పని కష్టమైనది కాదు. సంక్రాంతి సెలవుల్లోనూ, పరీక్షలకు ముందు వచ్చే సెలవుల్లోనూ పంచాయతీ కార్యాలయంలోనో గ్రంథాలయంలోనో బడిలోనో ఒక గది తెరిపించండి. ఒక నల్లబల్ల, సుద్ద ముక్కలు, ఒక దీపం చాలు. ఆ పేపరు గట్టెక్కిన సీనియర్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. రోజుకు రెండు గంటలు వచ్చి కూర్చోమని అడగండి. పాఠం చెప్పనవసరం లేదు. పిల్లలు వాదించుకుంటుంటే దారి తప్పకుండా చూస్తే చాలు.

ఆడపిల్లల విషయం మరీ ముఖ్యం. మగపిల్లలు హాస్టలు గదుల్లో అర్ధరాత్రి దాకా కలిసి చదువుకోగలరు. రోజూ ఊరి నుంచి బస్సులో వెళ్లి వచ్చే ఆడపిల్లకు ఆ వీలు లేదు. సాయంత్రం ఇంటికి చేరాక ఇంటి పనులు, ఆ తర్వాత ఒంటరి చదువు. ఊళ్లోనే, నలుగురి కళ్లెదుట, ఒక చోటు చూపిస్తే వారికి మేలు జరుగుతుంది.

కలిసి కూర్చుంటే కబుర్లే గాని చదువేముంటుందని కొందరంటారు. నిజమే, ఆ ప్రమాదం ఉంది. అందుకే ఒక నియమం పెట్టుకోవాలి. ఎవరి లెక్కలు వారు ఇంట్లో చేసుకుని కాగితంతో రావాలి. కాగితం లేనివారికి ఆ రోజు చోటు లేదు. ఒకరిది చూసి ఒకరు రాసుకోవడం కలిసి చదవడం కాదు. ఇప్పుడు సెల్‌ఫోనుతో లెక్కను ఫొటో తీస్తే మెట్టు మెట్టుగా చేసి చూపే సాధనాలు వచ్చాయి. అవి జవాబు సరిచూసుకోవడానికి పనికొస్తాయి. వాటి మీదే ఆధారపడితే మాత్రం మళ్లీ ఆప్షన్ల చదువే అవుతుంది. పరీక్ష హాల్లోకి ఫోను రాదు.

కాలేజీల వారు కూడా ఆలోచించాలి. సెమిస్టరు మొదలైన తొలి రెండు వారాల్లో ఇంటర్ సమాకలనాన్ని మెట్టు మెట్టుగా రాయించి చూడాలి. ఎవరికి ఎక్కడ లోటుందో అప్పుడే తెలుస్తుంది. తెలుగు మాట, ఇంగ్లీషు మాట పక్కపక్కన ఉన్న ఒక కాగితం పిల్లల చేతికిస్తే సగం బెదురు పోతుంది. దీనికి ప్రభుత్వ జీవోలు అక్కర్లేదు, మనసుంటే చాలు.

చివరగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఫలితం వచ్చిన రోజు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా విలువైనది. "పరువు తీశావు" అన్న మాట పడిన పిల్లవాడు మళ్లీ లెక్క గురించి మీ దగ్గర నోరెత్తడు. కొందరు అంతకంటే కానిపనికి తలపడతారు. తప్పిన పేపరు మళ్లీ రాయవచ్చు. ప్రాణం మళ్లీ రాదు. అందుచేత మార్కులెన్ని అని అడగడానికి ముందు "ఎవరితో కలిసి చదువుతున్నావురా, అబ్బాయ్?" అని అడగండి. "ఎవరితోనూ లేదు" అని జవాబొస్తే, పక్కవీధి పిల్లవాణ్ణి ఇంటికి పిలిచి ఇద్దరికీ చెరో గ్లాసు టీ ఇచ్చి ఒకే చాప మీద కూర్చోబెట్టండి. రెండో సెమిస్టరు లెక్కలకు అంతకు మించిన ట్యూషను లేదు.